అన్నకి పంపిన రొట్టె

మా ఆయన కుడికాలి చిటికెన వేలు తీసేసిన మర్నాడు, కట్టు చూడ్డానికి డాక్టరు వచ్చాడు. ఆయనకి నన్ను చూపించి మా ఆయన అన్న మాట ఇది: "ఏడాదిన్నర నుంచి మధ్యాన్నం పూట మొలకల రొట్టే తిన్నాను డాక్టరుగారూ. ఈవిడే సేసి పెట్టింది. తింటే ఏటైంది? ఏలు పోయింది."

డాక్టరు నా వైపు తిరిగాడు. ఏం గింజలు, ఎంత పెడుతున్నారు, బెల్లం గానీ కలుపుతున్నారా అని అడిగాడు. గోధుమలూ, గుప్పెడు చోళ్ళూ, అంటే రాగులూ, బెల్లం లేదు అన్నాను. ఊరుకోకుండా, "మొలకొచ్చిన గింజలో కొంచెం తీపి పుడుతుంది కదండీ, దానివల్ల గానీ..." అని నేనే అందించాను. ఆయనకి ఇంకా పది మంచాలు చూడాల్సి ఉంది. "ఏదైనా మితంగా ఉండాలమ్మా" అనేసి పక్క మంచానికి వెళ్ళిపోయాడు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను నాలుగు రోజులు కుమిలిపోయాను. ఆ నాలుగు రోజులు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మేముండేది మద్దిలపాలెంలో, బస్సు డిపో వెనక, రెండో అంతస్తు. ఆయన ఉద్యోగం వన్‌టౌన్‌లో, పోర్టు పనులు చూసే ఒక చిన్న ఆఫీసులో. ఆ ఆఫీసుకి ఎదురుగా ఒక పాత బేకరీ ఉంది. దాని యజమాని వన్‌టౌన్ సాయిబు. తాతల నాటి కట్టెల పొయ్యి ఇప్పటికీ వదల్లేదని మా ఆయన గొప్పగా చెప్పేవారు. మా పెళ్ళికి ముందు నుంచీ మధ్యాహ్నం పూట అక్కడ టీ, రెండు తీపి బన్నులు ఆయనకి అలవాటు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. ఈ ఊళ్ళో మగవాళ్ళకి అదో మర్యాద. బస్సులో కాలు తొక్కినవాడు కూడా బావే. నేను ఆ సాయిబుని ఎన్నడూ చూడలేదు గానీ, "బావ ఇలగన్నాడు, బావ అలగన్నాడు" అని ఇంట్లో రోజూ వినేదాన్ని.

షుగరు బయటపడ్డప్పుడు డాక్టరు మొట్టమొదట మానమన్నది ఆ బన్నుల్నే. అన్నం తగ్గిస్తే ఈయన కంచం విసిరేసే రకం. అందుకని బన్ను ఉండాల్సిన చోట బన్నులా కనిపించేదేదో ఒకటి పెట్టాలని నా ఆలోచన. మొలకలతో షుగరు పోతుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ మైదా, ఆ పంచదార పోతే చాలనుకున్నాను.

ఫోన్లో ఒకావిడ చేస్తుంటే చూసి, గోధుమలు నానబోసి, గుడ్డలో మూట కట్టి, పొద్దునా సాయంత్రం నీళ్ళు చిలకరించి మూడు రోజులు ఉంచాను. పెసలు మొలకెత్తినట్టు పొడుగ్గా, తెల్లగా, అందంగా వచ్చాయి. నాకు నేనే దిష్టి తీసుకోవాలన్నంత ముచ్చటేసింది. ఎండబెట్టి, పిండి పట్టించి, ఈస్టు కలిపి కాలిస్తే, పైన చెక్క, లోపల బంక. కత్తి దిగితే బయటికి రాలేదు. మా ఆయన ఆ రొట్టెని గుమ్మం దగ్గర పెట్టి, "తలుపు కొట్టుకోకుండా అడ్డెట్టుకో" అన్నారు. నేనూ నవ్వాను. అప్పటికింకా నవ్వొచ్చేది.

మా అమ్మకి ఫోన్ చేశాను. అమ్మది విజయనగరం పక్క పల్లె, వ్యవసాయం ఇల్లు. బ్రెడ్డంటే ఏమిటో ఆవిడకి పట్టదు గానీ, అంబలికి చోళ్ళు మొలకెత్తించడంలో ఆవిడ చెయ్యి తిరిగిన మనిషి.

"ఎంత పొడుగు తీసినావే?" అని అడిగింది.

"అర అంగుళం ఉంటుందమ్మా."

"ఓలమ్మ! అది తోకే. తోక తీసిందంటే గింజలో సత్తువంతా అది తినీసినట్టే, ఇంక నీకేటి మిగుల్తాది? ముక్కు సూపిందంటే సాలు. ముక్కు మీద పట్టుకోవాల. బేగి ఆరబెట్టీయాల."

ముక్కు అంటే, గింజ కొస చీలి తెల్లగా ఒక చుక్క కనిపించడం. అంతే. ఆ చుక్క కనపడ్డాక ఒక పూట ఆలస్యమైతే పిండి పాడు. ఇది ఏ ఫోన్లోనూ చెప్పలేదు. ఆ రోజు నుంచీ నా బతుకు గోధుమ ముక్కుల చుట్టూ తిరిగింది. మాసికం భోజనానికి వెళ్ళినా, బజారుకి వెళ్ళినా, మధ్యలో లేచి "ముక్కొచ్చేస్తుంది" అని ఇంటికి పరిగెత్తేదాన్ని. విన్నవాళ్ళు ఇంట్లో ఎవరికో జలుబనుకునేవారు.

ఆరబెట్టడం మరో యాతన. ఈ ఊరి గాలిలో అప్పడమే కరకరలాడదు, తడి గోధుమలు ఎక్కడ ఆరతాయి? వానాకాలంలో హాల్లో పాత దుప్పటి పరిచి, ఫ్యాను కింద గింజలు పోసి, మేము గోడ పక్క నుంచి నడిచేవాళ్ళం. కొంచెం తడి ఉన్నా పిండిమర అతను "రాయికి అంటుకుపోతాదమ్మా, అట్టుకెల్లిపో" అని డబ్బా వెనక్కి తోసేసేవాడు. రెండుసార్లు బూజు పట్టింది. ఒకసారి నేను జ్వరంతో పడుకుంటే మూట అలాగే ఉండిపోయి మొత్తం తోకలు తీసింది. ఇవన్నీ పారబోసి మళ్ళీ మొదలుపెట్టాను. నాలుగో నెలకి గానీ రొట్టె రొట్టెలా పొంగలేదు. చోళ్ళ వల్ల రంగు మాత్రం ఇటుక రంగే.

రోజూ నాలుగు ముక్కలు కోసి డబ్బాలో పెట్టేదాన్ని. డబ్బా మూత కింద చెమ్మ పట్టకుండా గుడ్డలో చుట్టేదాన్ని. ఆ గుడ్డలు, మా పెళ్ళైన కొత్తలో నేను కట్టుకున్న నేత చీరవి. ఆవపూల రంగు, ఎర్ర అంచు. మడతల్లో చిరిగిపోతే పారెయ్యడానికి మనసొప్పక జేబురుమాలంత ముక్కలు కోసి, అంచులు కుట్టి పెట్టుకున్నాను. ఆ గుడ్డలు ఒక్కొక్కటే తగ్గిపోతూ వచ్చాయి. అడిగితే, "బస్సులో పడిపోయుంటాది, గుడ్డముక్కకి ఇంత రాద్ధాంతమా" అనేవారు.

డబ్బా మాత్రం రోజూ ఖాళీగా వచ్చేది. రొట్టె పొడి కూడా మిగిలేది కాదు. ఖాళీ డబ్బా చూసి మురిసిపోయే ఆడదాని కంటే వెర్రిది ఇంకొకతె ఉండదు.

తర్వాత చెప్పు కరిచింది. చిన్న పుండు. అది మానలేదు. నల్లబడింది. వేలు తీసెయ్యాలన్నారు, తీసేశారు.

ఆ నాలుగు రోజులూ నేను ఆస్పత్రి బల్ల మీద కూర్చుని చేసిన పని ఒకటే, నా తప్పు వెతుక్కోవడం. ఏ మూటని ఒక పూట ఎక్కువ ఉంచానో, ఏ రోజు తోక తీసినవాటిని కూడా పోనీలే అని కలిపేశానో గుర్తు చేసుకునేదాన్ని. స్నానానికి ఇంటికి వెళ్తే, ఆస్పత్రికి వచ్చే హడావిడిలో వదిలేసిన మూట పచ్చగా మొలిచి, వాసన కొడుతూ కనిపించింది. దాన్ని చెత్తబుట్టలో పారేసి, వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చాను. బాగు చేయబోయి నా చేత్తో నేనే మనిషి కాలు తినేశానన్నది ఆ రోజుకి నాకు రూఢి అయిపోయింది. అమ్మకి ఫోన్ చేస్తే "గింజేటి సేత్తాదే, ఎర్రిదాన" అంది. నేను నమ్మలేదు.

ఐదో రోజు, సెలవు కాగితం, డాక్టరు సర్టిఫికెట్టు ఇవ్వడానికి వన్‌టౌన్‌లో ఆయన ఆఫీసుకి వెళ్ళాను. ఇచ్చి బయటికి వస్తే నడినెత్తిన ఎండ. సిటీ బస్సు వచ్చేదాకా నీడకని ఎదురుగా ఉన్న బేకరీ రేకు కింద నిలబడ్డాను. గల్లా పక్కన ఒక పెద్దాయన, తెల్ల గడ్డం, మోచేతుల దాకా పిండి. ఆయన టీ గ్లాసు కింద ఆవపూల రంగు గుడ్డ, ఎర్ర అంచు. వెనక అరలో అలాంటివే, ఉతికి, మడతలు పెట్టి, ఒకదాని మీద ఒకటి.

నా చీర నాకు తెలియదా? చెయ్యి దానంతటదే ముందుకి పోయింది.

"ముట్టుకోకమ్మా, మాసిపోతాయి" అన్నాడాయన. "అవి మా సెల్లి పంపిన గుడ్డలు."

"మీ చెల్లెలా?"

"తోడబుట్టింది కాదులే. ఎదురాఫీసులో మా బావ ఉన్నాడు, ఆళ్ళావిడ. బావ పెళ్ళామంటే నాకు సెల్లే గదా మరి? నాకు షుగరని బావ సెప్పినట్టున్నాడు, ఆ రోజు నుంచి రోజూ మొలకల రొట్టి సేసి పంపుతాది. కసమ్, ఒట్టమ్మా, నా సొంత అప్పసెల్లెళ్ళు కూడా నన్నింతగా సూడలేదు. మైదా పూర్తిగా మానీసి మధ్యాన్నం అదే తింతన్నాను. మొన్న డాక్టరు మందుబిళ్ళ ఒకటి తీసీసినాడు కూడా."

ఆయన చెప్పుకుంటూ పోయాడు.

"సెల్లి పంపింది ఊరికే ఎలాగ తింటాం? అందుకే బావకి రోజూ రెండు బన్నులిత్తాను. పైన మలాయి కూడా రాత్తాను, ఇట్టంగా తింటాడు. వారమైంది, మడిసి కనపళ్ళేదు. కాలికేదో నొప్పంట."

"ఆయనకి షుగరుందని మీకు తెలుసా?" అన్నాను.

"బావకా? బావకి షుగరేటమ్మా, రాయిలాగుంటాడు!"

ఆ చెల్లిని నేనేనని చెప్పాను. షుగరుందని, వేలు తీసేశారని కూడా చెప్పాను. ఆయన పిండి చేతులతోనే స్టూలు మీద కూలబడిపోయాడు. కాసేపు తన రెండు చేతులూ చూసుకున్నాడు. "రోజుకి రెండు బన్నులు... నా సేత్తో ఎట్టినాను" అన్నాడు. తర్వాత అరలోని గుడ్డల వైపు చూసి, మెల్లిగా అడిగాడు. "అయితే సెల్లెమ్మా, ఆ రొట్టి నాకు పంపింది కాదా?"

ఏం చెప్పమంటారు? ఏడాదిన్నరగా ఒక మనిషి తనకో చెల్లెలుందని నమ్మి బతికాడు. నా గుడ్డలు ఉతికి దాచుకున్నాడు. నేను చేసింది కడుపు నిండా తిని బాగుపడ్డవాడు ఈ భూమ్మీద ఆయనొక్కడే.

"మీకే పంపాను అన్నా. ఆయనకి వేరే పెడుతున్నాను" అన్నాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో నాకే ఆశ్చర్యం.

ఒక గుడ్డ అడిగి తీసుకుని ఆస్పత్రికి వచ్చాను. బస్సులో దారంతా నాలో నేను మాటలు కూర్చుకున్నాను, అరవాలని, పదిమందిలో పరువు తియ్యాలని. తీరా వెళ్ళేసరికి ఆయన దిండుకి ఆనుకుని కాఫీ తాగుతున్నారు. నేను గుడ్డ తీసి మంచం మీద వేశాను. ఆయన దాన్ని చూసి, గ్లాసు పక్కన పెట్టి, కిటికీ వైపు తిరిగారు.

"ఏం సెయ్యమంటావు?" అన్నారు. "ఆ డబ్బా తీత్తే సాలు, నాను జబ్బోణ్ణని ఆఫీసంతా తెలిసిపోతాది. నీ రొట్టి నోట్లో ఎడితే ఆస్పత్రి వాసనొత్తాది. బావ కాడ కూకుని బన్ను తింటే నాకేటీ లేనట్టుంటాది."

"తినకపోతే తినలేదని చెప్పాలి. డాక్టరు ముందు నా మీదకెందుకు తోశారు?"

"మరేటి సెప్పాల? బన్నులు తిన్నానని సెప్పాలా?"

అంతే. క్షమించమని కాదు, పోనీ పొరపాటైందని కూడా కాదు. తన తప్పు తను చెప్పుకోవడం అన్నది ఆయన లెక్కలో లేనే లేదు. పక్కన నేనున్నాను కదా, నా మీద పెట్టడానికి. ఆ నిమిషాన ఆ మనిషంటే నాకు అసహ్యం వేసింది. రెండో కాలు కూడా పోనీ అనుకున్నాను. అనుకున్నాను కాబట్టే దాచకుండా రాస్తున్నాను.

కానీ ఇంటికి పంపించే రోజు డాక్టరు జేబులోంచి పెన్ను తీసి, ఆయన చీలమండ మీద ఆనించి, "ఇప్పుడు జాగ్రత్తపడకపోతే ఈసారి ఇక్కడిదాకా" అన్నాడు. పెన్ను ఆనిన చోట చర్మం మీద చిన్న నీలం గీత పడింది. ఇంటికి వచ్చాక నాలుగు రోజులు ఆ గీత పోలేదు. కట్టు మార్చినప్పుడల్లా అది కనిపించేది. నేను మళ్ళీ గోధుమలు నానబోశాను.

చేసి పెట్టాను. తినలేదు. "వద్దన్నాను కదేటి" అని పళ్ళెం పక్కకి నెట్టారు. మర్నాడూ అంతే.

అప్పుడు మళ్ళీ వన్‌టౌన్ వెళ్ళాను. ఆ అన్నకి ఉన్నదున్నట్టు చెప్పాను, ఆ రొట్టె మొదట ఎవరికి చేసిందన్న ఒక్కటి తప్ప. "ఆయన నా చేతిది తినరన్నా. పిండి నేను కలిపి తెస్తాను, మీ పొయ్యిలో కాల్చండి. మీరే చేశారని చెప్పండి."

"నీ కష్టానికి నా పేరెట్టుకోమంటావా సెల్లెమ్మా?" అన్నాడు.

"ఆయన కాలు నిలబడాలన్నా."

ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నందుకు సంతోషించాలో ఏడవాలో తెలియక ఇంటికొచ్చాను.

ఇప్పుడు వారానికి మూడు రోజులు ఇదే పని. ముందే ముక్కు మీద పట్టి, ఆరబెట్టి, పట్టించి ఉంచిన పిండిని పొద్దున్నే కలుపుతాను. ఆయన ఆఫీసుకి వెళ్ళాక స్టీలు గిన్నెలో పెట్టి, తడి గుడ్డ కప్పి, ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కుతాను. మద్దిలపాలెం నుంచి వన్‌టౌన్ చేరేసరికి పిండి గిన్నె అంచుదాకా పొంగుతుంది. ఆయన కంట పడకుండా వెనక సందులోంచి వెళ్ళి, పొయ్యి దగ్గర ఇచ్చి వచ్చేస్తాను. అన్న కాలుస్తాడు. తన వాటా తను తింటాడు. మిగిలింది కాగితంలో చుట్టి, "నీ పెళ్ళాం రొట్టి సూసి నేర్సుకున్నాను బావా, నానే సేత్తన్నాను" అని మా ఆయనకిస్తాడు. బావ తింటున్నాడు కాబట్టి ఈయనా తింటారు. బన్నులు ఆ బేకరీలో ఆయనకి దొరకవు. మూడు నెలల పరీక్షలో షుగరు దిగింది. పుండు మానింది. నీలం గీత ఎప్పుడో పోయింది గానీ, ఆ చోటు నాకు తెలుసు.

నిజం చెప్పాలంటే కట్టెల పొయ్యిలో పైచెక్కు బాగా కాలుతుంది. నా చిన్న ఓవెన్లో అలా రాదు. ఆ పైచెక్కు ఒక్కటే అన్న చేతిది. మిగతాదంతా నాది. ఇది నేను ఎవరితోనూ అనలేను. అంటే మర్నాటి నుంచి ఆయన తినరు. ఇక్కడ రాస్తున్నానంటే ధైర్యం వచ్చి కాదు. నేను రాసింది ఆయన ఇన్నేళ్ళలో ఒక్క ముక్క చదవలేదు, ఇదీ చదవరు.

మొన్న సాయంత్రం ఆఫీసు నుంచి కొంచెం కుంటుతూ వచ్చి, సంచిలోంచి కాగితం పొట్లం తీసి నా ముందు పెట్టారు. మంచి హుషారుగా ఉన్నారు.

"నీకోసం రెండు ముక్కలు దాసినాను. తిని సూడు. రొట్టంటే ఇదీ. నీ దగ్గర నేర్సుకున్నోడు నీకన్నా బాగా సేత్తన్నాడు. నువ్వూ ఒకసారి బావ కాడికెళ్ళి నేర్సుకోరాదేటి?"

"అలాగే" అన్నాను.

ఆయన చూస్తుండగా ఒక ముక్క కొరికి, నమిలి, మింగాను. ఉప్పు ఒక చిటికెడు తగ్గింది. రేపటి పిండిలో వెయ్యాలి.